నౌక్రీ, లింక్డిన్, ఎన్‌సీఎస్: అప్లై నొక్కాక ఏమవుతుంది, ఏం కాదు

"ఇమీడియట్ జాయినర్స్ ఓన్లీ. అనుభవం 4–9 ఏళ్లు. జీతం నాట్ డిస్‌క్లోజ్డ్. ఓపెనింగ్స్ 5. అప్లికెంట్స్ 1000+. పోస్ట్ చేసి 30+ రోజులు."

హైదరాబాద్ అని పెట్టి జావా అనో టెస్టింగ్ అనో వెతికితే ఇలాంటి ప్రకటనలు పేజీల కొద్దీ వస్తాయి. రాత్రి పదకొండింటికి కూర్చుని వరసగా నలభై యాభై వాటికి అప్లై కొట్టి, పది రోజులైనా ఒక్క ఫోన్ రాక, లోపం తమలోనే ఉందని కుంగిపోయే పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. చాలాసార్లు లోపం వాళ్లది కాదు. ఆ బటన్ అవతల ఏం జరుగుతుందో వాళ్లకెవరూ చెప్పలేదు, అంతే. అందుకే ఈ రివ్యూలో ఎన్ని ఉద్యోగాలు కనిపిస్తున్నాయి అన్నది పక్కనపెట్టి, అప్లై చేసిన మనిషికి ఏం ముడుతోంది అన్నదే చూస్తున్నాం. నౌక్రీ గురించి ఎక్కువ, లింక్డిన్ గురించి కొంత, ప్రభుత్వ ఉద్యోగ పోర్టల్ ఎన్‌సీఎస్ గురించి కాస్త. ఐటీ, దాని చుట్టుపక్కల ఉద్యోగాల వరకే.

నౌక్రీ 1997 నుంచి ఉంది, ఇన్ఫో ఎడ్జ్ కంపెనీది. ఉద్యోగం వెతికేవాళ్లు పైసా కట్టక్కర్లేదు. డబ్బు కట్టేది కంపెనీలు, కన్సల్టెన్సీలు. వాళ్లు ముఖ్యంగా రెండు కొంటారు. ఒకటి ప్రకటన పెట్టుకునే వీలు. రెండోది రెస్‌డెక్స్, అంటే మన రెజ్యూమెలన్నీ ఉన్న గోదాం. మన కళ్లకు కనిపించేది మొదటిదే, కానీ ఫోన్లు ఎక్కువగా వచ్చేది రెండోదాని నుంచి. వెయ్యి అప్లికేషన్లు తెరిచి చదవడం కన్నా, రెస్‌డెక్స్‌లో నాలుగు స్కిల్స్ కొట్టి, అనుభవం, ఊరు, జీతం, నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పాత కంపెనీలో ఉండాల్సిన గడువు) వడపోతలు పెట్టి, ఈ వారంలో యాక్టివ్‌గా ఉన్నవాళ్లను మాత్రమే బయటికి తీసుకోవడం రిక్రూటర్‌కు పావుగంట పని. సాయంత్రంలోగా మేనేజర్‌కు ఐదు ప్రొఫైళ్లు పంపాల్సిన మనిషి ఏ దారి పడతాడో చెప్పక్కర్లేదు.

కాబట్టి నౌక్రీని అప్లై చేసే చోటుగా కన్నా దొరికే చోటుగా వాడితే దానికి మంచి మార్కులే ఇవ్వొచ్చు. అలా వాడాలంటే చేయాల్సినవి చిన్న పనులే. రెజ్యూమె హెడ్‌లైన్‌కు 250 అక్షరాలే చోటు. అందులో "కష్టపడే తత్వం, నేర్చుకోవాలనే తపన" అని రాస్తే వెతుకులాటలో దేనికీ తగలదు. "జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్, 4.5 ఏళ్లు, హైదరాబాద్, 30 రోజుల నోటీస్" అని రాస్తే తగులుతుంది. కీ స్కిల్స్‌లో జేడీల్లో, అంటే ఉద్యోగ వివరణల్లో, వాడే పేర్లే వాడాలి. సొంతంగా కుదించిన పేర్లు పెడితే రిక్రూటర్ కొట్టే మాటకు అవి కలవవు. వారానికి రెండు మూడుసార్లు లాగిన్ అయి, ప్రొఫైల్‌లో ఏదో ఒక ముక్క మార్చి సేవ్ చేయాలి. మీరు చివరిసారి ఎప్పుడు యాక్టివ్‌గా ఉన్నారో రిక్రూటర్‌కు కనిపిస్తుంది. మూడు నెలలు ముట్టుకోని ప్రొఫైల్ ఎంత బాగున్నా వడపోతలోనే రాలిపోతుంది.

నోటీస్ పీరియడ్ గడి దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. 15 రోజులు లేదా తక్కువ, 1 నెల, 2 నెలలు, 3 నెలలు, అంతకన్నా ఎక్కువ, ఇప్పటికే నోటీస్‌లో ఉన్నాను అని అక్కడ ఎంపికలుంటాయి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో 90 రోజుల నోటీస్ మామూలు. ప్రకటనలేమో ఇమీడియట్ జాయినర్ కావాలంటాయి. అంటే ఆ ఉద్యోగానికి అర్హత చేతిలో ఉద్యోగం లేకపోవడం, లేదా రాజీనామా చేసేసి ఉండటం. రాజీనామా పెట్టినవాళ్లు ఆ గడిని వెంటనే మార్చి, లాస్ట్ వర్కింగ్ డే తేదీ వేయాలి. అది మర్చిపోయి "3 నెలలు" అనే ఉంచితే, నెలలో రాగలిగిన మనిషి కూడా జాబితాలోంచి మాయమైపోతాడు. అలాగని 90 రోజులుంటే 15 అని పెట్టకండి. రెండో రౌండ్ దాకా వెళ్లి అక్కడ ఆగిపోతుంది, ఆ కన్సల్టెన్సీ మళ్లీ ఫోన్ చేయదు.

రెజ్యూమె ఫైల్ 2 ఎంబీ లోపు ఉండాలి. పీడీఎఫ్, వర్డ్ రెండూ తీసుకుంటారు. రెండు నిలువు వరసలుగా, పక్కన రంగు పట్టీ, ఫొటో, స్కిల్స్‌కు చుక్కల రేటింగ్ పెట్టిన డిజైన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎడమ వరసలో ఒక లైను, కుడి వరసలో ఒక లైను కలిపేసి చదవొచ్చు. ఒక చిన్న పరీక్ష ఉంది. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఫోన్ నంబర్ ఉందా? కంపెనీ పేరు పక్కన దాని తేదీలే ఉన్నాయా, వేరే కంపెనీవి వచ్చి చేరాయా? నోట్‌ప్యాడ్‌లో కలగాపులగంగా కనిపిస్తే అవతల సిస్టమ్‌కూ చాలావరకు అలాగే అందుతుంది. ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ పేజీ హెడర్‌లో పెట్టడం కూడా ప్రమాదమే. కొన్ని సిస్టమ్‌లు హెడర్‌ను చదవకుండా వదిలేస్తాయి.

"అప్లై ఆన్ కంపెనీ సైట్" అని ఉంటే ఇంకో తలనొప్పి. అప్లికేషన్లు తీసుకోవడానికి వర్క్‌డే అనే సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీలైతే ఒక్కో కంపెనీకి ఒక్కో అకౌంట్, ఒక్కో పాస్‌వర్డ్. రెజ్యూమె అప్‌లోడ్ చేయించుకుని, అందులో ఉన్నదంతా మళ్లీ గడిగడిలో టైప్ చేయిస్తారు. ఇందులో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. మొదటిది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాన్‌లో చివర, ఆధార్‌లో పొడి అక్షరం. లాస్ట్ నేమ్ గడిలో ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట అసలు పేరు పెడితే రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది "మిస్‌మ్యాచ్" అని తేలుతుంది. పాస్‌పోర్ట్ ఉంటే అందులో ఉన్నట్టే అన్నిచోట్లా పెట్టండి. లేకపోతే టెన్త్ మెమో ప్రకారం పెట్టండి. రెండోది మార్కులు. గడి శాతం అడుగుతుంది, మన దగ్గరేమో టెన్త్ జీపీఏ, బీటెక్ సీజీపీఏ. ఉత్త పదితో గుణించి వేయకూడదు. ఉదాహరణకు హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 రెగ్యులేషన్‌లో సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. 7.2 సీజీపీఏ అంటే 72 కాదు, 67 శాతం. "త్రూఅవుట్ 70 శాతం" అడిగిన ప్రకటనకు 72 అని వేసి లోపలికి వెళ్తే, సర్టిఫికెట్లు చూసే రోజు చేతికొచ్చిన ఆఫర్ కూడా పోవచ్చు. మీ యూనివర్సిటీ, మీ రెగ్యులేషన్ సూత్రం కన్సాలిడేటెడ్ మెమో వెనకో, రెగ్యులేషన్ పుస్తకంలోనో ఉంటుంది. అదొక్కటే లెక్క.

ఇక ఇన్‌బాక్స్‌లో వచ్చే ఎన్‌వైట్‌లు. "మీ ప్రొఫైల్ మాకు నచ్చింది" అన్నట్టుగా వచ్చే ఈ మెయిల్‌ను రిక్రూటర్ ఒకే వెతుకులాటలో వచ్చినవాళ్లందరికీ ఒకేసారి పంపగలడు. సంబరపడటానికీ, చిన్నబుచ్చుకోవడానికీ కారణం లేదు. స్కిల్ సరిపోతే స్పందించండి, లేకపోతే వదిలేయండి.

ఇప్పుడు మొదట్లోని ప్రకటన దగ్గరికి వద్దాం. 30+ రోజులుగా ఉన్న ప్రకటన అబద్ధమని చెప్పలేం. అది ఎందుకు తెరిచి ఉందో ప్రకటనలో రాయరు, అసలు బాధ అదే. సర్వీస్ కంపెనీలు ప్రాజెక్ట్ చేతికి రాకముందే, క్లయింట్‌తో మాటలు నడుస్తుండగానే రెజ్యూమెలు పోగేస్తాయి. ఆ ప్రాజెక్ట్ రాకపోతే ఆ ఉద్యోగమే ఉండదు. ఆఫర్ అందుకున్న మనిషి 90 రోజుల నోటీస్‌లో మరో రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని చివరి రోజున రాననొచ్చు. ఆ భయంతో, అతను చేరేదాకా ప్రకటనను మూయరు. కొన్నిచోట్ల లోపలి మనిషికే ఇవ్వాలని తేలిపోయినా పద్ధతి ప్రకారం బయట ప్రకటన వేస్తారు. బడ్జెట్ ఆగిపోయినప్పుడు మేనేజర్ "హోల్డ్" అంటాడు, హెచ్‌ఆర్ దాన్ని పోర్టల్‌లో మూయడం మర్చిపోతుంది. వీటిలో ఏదీ అప్లై చేసినవాడి తప్పు కాదు. కానీ వాడి సాయంత్రాలన్నీ వాటికే పోతాయి.

ఒకే ఉద్యోగం పది ప్రకటనలుగా కనిపించడం మన హైదరాబాద్ మార్కెట్‌లో ఇంకా పెద్ద జబ్బు. ఒక క్లయింట్ తన అవసరాన్ని ఐదారుగురు వెండర్లకు, అంటే మనుషుల్ని వెతికిపెట్టే సంస్థలకు, ఇస్తాడు, వాళ్లు కింది కన్సల్టెన్సీలకు ఇస్తారు. ప్రతి ఒక్కరూ "లీడింగ్ ఎంఎన్‌సీ", "అవర్ క్లయింట్" అని తమ పేరుతో ప్రకటన వేస్తారు. జేడీలోంచి కాస్త ప్రత్యేకంగా ఉన్న ఒక వాక్యాన్ని కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం ఎన్ని పేర్లతో వస్తుందో తెలిసిపోతుంది, ఒక్కోసారి అసలు కంపెనీ కెరీర్స్ పేజీ కూడా దొరుకుతుంది. దొరికితే అక్కడే అప్లై చేయండి, లేదా లోపలున్నవాళ్లతో రిఫరల్ వేయించండి. ఇద్దరు వెండర్లు మీ ప్రొఫైల్‌ను ఒకే క్లయింట్‌కు పంపితే అది "డూప్లికేట్" అవుతుంది. చాలాచోట్ల ముందు పంపినవాడిది చెల్లుతుంది, కొన్నిచోట్ల గొడవెందుకని మిమ్మల్నే పక్కన పెడతారు. అందుకే ఫోన్‌లో "ఓకే అండీ, పంపించండి" అనే ముందు క్లయింట్ పేరు అడగండి. పేరు చెప్పనంటే ప్రొఫైల్ పంపొద్దని చెప్పండి. ఏ తేదీన, ఎవరికి, ఏ క్లయింట్ కోసం ఒప్పుకున్నారో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. ఇంకో మాట కూడా అప్పుడే అడగాలి, పేరోల్ ఎవరిది అని. ప్రకటనలో క్లయింట్ పేరు వెలిగిపోతుంది, ఆఫర్ లెటర్ మాత్రం మూడో కంపెనీది వస్తుంది.

జీతం సంగతి. నౌక్రీలో జీతాన్ని దాచిపెట్టే వీలు రిక్రూటర్‌కు ఉంది. నా లెక్కలో ఈ పోర్టల్‌కున్న పెద్ద లోపం ఇదే. కానీ ఒక దారి ఉంది. ఎడమవైపు జీతం వడపోతలో 3–6 లక్షలు, 6–10 లక్షలు, 10–15 లక్షలు అంటూ ఉంటాయి. "నాట్ డిస్‌క్లోజ్డ్" ప్రకటనలు కూడా ఈ వడపోతల్లో కనిపిస్తాయి. ఒక్కో పట్టీ మారుస్తూ ఆ ప్రకటన ఎక్కడ ఉంటుందో, ఎక్కడ మాయమవుతుందో చూస్తే అంచనా దొరుకుతుంది.

అంకె చెప్పినా అది సీటీసీ, అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. 6 లక్షల సీటీసీ అంటే నెలకు 50 వేలు అనుకుని ఇల్లు మారేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి. బేసిక్ సగం అనుకుంటే ఏడాదికి 3,00,000. కంపెనీ వాటా పీఎఫ్ దానిలో 12 శాతం, 36,000. గ్రాట్యుటీ 4.81 శాతం, 14,430. వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం, పది శాతం పెడితే 60,000. ఇన్సూరెన్స్ ఓ 6,000. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4,83,570, అంటే నెలకు దాదాపు 40,300. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి వచ్చేది 37 వేల చిల్లర. వేరియబుల్ ఎంత, అది నెలకా ఏడాదికా, పోయినేడు ఎంత శాతం ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలూ హెచ్‌ఆర్ రౌండ్‌లోనే అడగాలి. ఆఫర్ మీద సంతకం పెట్టాక అడిగితే జవాబు మర్యాదగా వస్తుంది, అంకె మారదు.

లింక్డిన్‌కు వద్దాం. ఇక్కడ అసలు సరుకు ప్రకటన కాదు, దాని వెనకున్న మనిషి పేరు. చాలా ప్రకటనల కింద పోస్ట్ చేసిన రిక్రూటర్ కనిపిస్తారు, నేరుగా రాయొచ్చు. నాలుగు లైన్లు చాలు: ఏ ఉద్యోగం, ఎన్నేళ్ల అనుభవం, జేడీలోని రెండు ముఖ్యమైన స్కిల్స్‌తో మీరు చేసిన పని, ఎప్పుడు చేరగలరు. "హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్?" అని పంపితే జవాబు రాదు, ఎందుకంటే జవాబివ్వడానికి అందులో ఏమీ లేదు. "100 మందికి పైగా అప్లికెంట్స్" చూసి బెదరక్కర్లేదు. కంపెనీ సైట్‌కు తీసుకెళ్లే ప్రకటనల్లో ఆ లెక్క అప్లై బటన్ నొక్కినవాళ్లది, అక్కడికెళ్లి పూర్తిగా అప్లై చేసినవాళ్లది కాదు. "ఈజీ అప్లై" ఉన్నవాటికి మాత్రం పోటీ నిజంగానే ఎక్కువ. రెండు నొక్కుల్లో అయిపోయే పని అందరూ చేస్తారు.

తేదీ వడపోతలో "గత 24 గంటలు" పెడితే పైన చిరునామా పట్టీలో 86400 అనే అంకె కనిపిస్తుంది. అవి ఒక రోజుకున్న సెకన్లు. దాన్ని 3600 చేసి ఎంటర్ కొడితే గత గంటలో వచ్చినవే మిగులుతాయి. వారానికోసారి కూర్చుని యాభై కొట్టడం కన్నా, రోజూ పొద్దున పది, పదకొండు మధ్య ఇలా చూసి సరిగ్గా సరిపోయే రెండింటికి అప్లై చేసి, ఆ రిక్రూటర్లకు రాయడం మేలు. "రీపోస్టెడ్" అని ఉన్నది పాతదే మళ్లీ పైకి వచ్చిందని అర్థం. దాన్ని కొత్తదిగా లెక్కేయకండి.

డబ్బు కట్టి కొనే సేవల మీద నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్తాను. ప్రొఫైల్‌ను పైకి తెచ్చి చూపించే ప్యాకేజీలు మీరు కనిపించే అవకాశాన్ని కాస్త పెంచుతాయేమో గానీ, ఇంటర్వ్యూకు హామీ ఇవ్వవు. ఫ్రెషర్లు వీటికి పెట్టే డబ్బును మాదాపూర్, రాయదుర్గం వాక్-ఇన్‌లకు బస్ పాస్ మీద పెట్టడమే మంచిది. "పోర్టల్ నుంచి మాట్లాడుతున్నాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లు మోసగాళ్లే, ఇందులో రెండో ఆలోచన వద్దు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. విదేశీ డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించిన ముఠా గుట్టును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. విదేశీ ఉద్యోగం అనగానే ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టరై ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంట్ కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు.

ఎన్‌సీఎస్, అంటే నేషనల్ కెరీర్ సర్వీస్, కార్మిక శాఖది, 2015లో మొదలైంది. అటు కంపెనీకీ ఇటు మనకూ ఉచితం. ఐటీలో అనుభవం ఉన్నవాళ్లకు ఇక్కడ దొరికేది తక్కువ. జిల్లాల్లో ఐటీఐ, డిప్లొమా, ఇంటర్ చదివినవాళ్లు మాత్రం జాబ్ మేళాల సమాచారం కోసం రిజిస్టర్ చేసుకోవాల్సిందే. కొన్ని ప్రకటనలు ప్రైవేట్ పోర్టళ్ల నుంచి వచ్చినవే కాబట్టి, తేదీ, కంపెనీ పేరు చూసే జాగ్రత్త ఇక్కడా తప్పదు.

పోర్టళ్లు మారినా మారనిది ఒకటుంది: ఇంటర్వ్యూ తర్వాతి మౌనం. మూడు రౌండ్లు, ఒక శనివారమంతా తిన్న అసైన్‌మెంట్, "విల్ గెట్ బ్యాక్ టు యూ", ఆ తర్వాత ఏమీ లేదు. రిజెక్ట్ అని ఒక్క మెయిల్ పంపడం ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఒక్క నొక్కుడు పని. చాలా కంపెనీలు అది కూడా చేయవు. చివరి రౌండ్ అయిన ఐదో పనిదినాన ఒక మెయిల్, మరో వారానికి ఇంకోటి పంపండి. అప్పటికీ జవాబు లేకపోతే షీట్‌లో ఆ వరస మూసేసి ముందుకు వెళ్లండి. ఆ ఒక్కదాని కోసం మిగతా అప్లికేషన్లు మాత్రం ఆపకండి.

మన దేశంలో ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌కు తెలియజేయాలనే చట్టం 1959లోనే వచ్చింది. ప్రైవేట్‌లో 25 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు అది వర్తించేది. ఇప్పుడా విషయం 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోకి చేరింది, ఎక్స్ఛేంజ్ పేరు కెరీర్ సెంటర్ అయింది. ఖాళీ ఉంటే చెప్పమంటుంది గానీ, లేని ఖాళీకి ప్రకటన వేస్తే ఏమిటన్నది అందులో లేదు. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలోనూ హద్దు 25 మందే. అక్కడ 2026 జనవరి 1 నుంచి అలాంటి ప్రతి కంపెనీ తన బహిరంగ ప్రకటనలో ఈ ఖాళీ నిజంగా ఉందా లేదా రాయాలి, చాలా ఉద్యోగాలకు జీతం పరిధి రాయాలి, వడపోతకు ఏఐ వాడితే అదీ రాయాలి. ఇంటర్వ్యూ చేసిన మనిషికి 45 రోజుల్లోగా సంగతి చెప్పాలి. గచ్చిబౌలిలో ఆఫీసున్న కంపెనీల్లో కొన్నింటికి టొరంటోలోనూ ఆఫీసులున్నాయి. అక్కడి ప్రకటనలో ఆ మూడు లైన్లు రాస్తున్న హెచ్‌ఆర్ విభాగం ఇక్కడి ప్రకటనలోనూ అవే మూడు లైన్లు ఈ రోజే రాయొచ్చు, దానికి ఏ చట్టమూ అడ్డం కాదు.